ఏ వరసన వదిన?

ప్రూఫులు దిద్దేవాళ్ళు చదవరు, చూస్తారు. చదవడం మొదలుపెట్టారా, విషయంలో కొట్టుకుపోయి కొమ్ములూ దీర్ఘాలూ గాలికొదిలేస్తారు. అందుకే ఆ సోమవారం పొద్దున వారపత్రిక రెండో పేజీ ప్రకటనల ప్రూఫు బల్ల మీదికి వచ్చినప్పుడు ప్రూఫురీడరు అరసున్న దాన్ని అక్షరం తరవాత అక్షరంగా చూసిందే గాని, అందులో ఏముందో పట్టించుకోలేదు. ‘స్థిమితము’ అని పడింది, ‘స్తిమితము’ అని దిద్దింది. ‘అబ్యంతరములు’ను ‘అభ్యంతరములు’ చేసింది. ‘సంరక్షకుడు’లో జారిపోయిన సున్నను తెచ్చి పెట్టింది. కింద ఎర్రసిరాతో పొడి సంతకం చేసి, అప్పుడు పేర్లు సరిచూడబోయింది. పేర్లు ఆఖరున చూడడం ఆమె పద్ధతి. ‘మతిస్తిమితము లేక తన బాగోగులు తాను చూచుకొనలేని’ స్త్రీ పేరు దగ్గర వేలు ఆగిపోయింది. ఆ పేరు తనదే.

ఆ పేరుతో ఆమెను పిలిచేవాళ్ళు ప్రెస్సులో లేరు. ఇరవై రెండేళ్ళ కింద పనిలో చేరిన మొదటి వారంలోనే, మన అచ్చులోంచి అరసున్నను ఎందుకు ఎత్తేశారని ఓనరుతో మూడు రోజులు వాదించింది. రాతలో ఉంటుంది, నోట్లో పలకదు, ఉండి ఏం లాభం అన్నాడాయన. పలకనంత మాత్రాన లేనట్టా అంది ఈమె. మూడో రోజుకు ఆయనకు ఓపిక చచ్చిపోయి, “అమ్మా అరసున్నా, నీకో దండం, పోయి పని చూసుకో” అన్నాడు. అదే పేరై కూర్చుంది. ఆమెకు కోపం రాలేదు సరికదా, ముచ్చటేసింది కూడా. బడిలో పెట్టిన పేర్లు మొద్దు, మరబొమ్మ, పిచ్చిమాలోకం. వాటితో పోలిస్తే ఇది బంగారం.

నిజం చెప్పుకోవాలంటే మొదట్లో ప్రెస్సు వాళ్ళూ తక్కువ తినలేదు. ఒక్క నిమిషంలో వస్తానని పోయినవాడు అరవై లెక్కపెట్టేసరికి రాకపోతే ఆమె వెళ్ళి వాడి ఎదురుగా నిలబడేది. భుజం తడితే ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచేది. మిషను ఒక్కసారిగా మొదలైతే చెవులు మూసుకుని బల్ల కింద దూరేది. నవ్వారు. నవ్వీ నవ్వీ అలిసిపోయారు. ఆ తరవాత ఎప్పుడో, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, సర్దుకున్నారు. మిషనాయన మీట నొక్కే ముందు “అక్కా, చెవులు!” అని కేకేస్తాడు. బైండింగు పెద్దమ్మ ప్రూఫులు ఎప్పుడూ ఎడమవైపే పెడుతుంది. ‘ఒక్క నిమిషం’ అన్న మాట ఆ గదిలో చెల్లదు. అందరూ పన్నెండు నిమిషాలు, ఇరవై నిమిషాలు అంటారు, అన్నట్టే వస్తారు. ఇదంతా తను నేర్పిన క్రమశిక్షణేనని ఓనరు ఊరంతా చెప్పుకు తిరుగుతాడు.

టైలరమ్మ సంగతీ అలాగే సర్దుకుంది. వీధి చివర బట్టలు కుట్టే దుకాణం ఆమెది. దాని వెనక రెండు గదుల్లో పదకొండేళ్ళుగా ఇద్దరూ కలిసి ఉంటున్నారు. అడిగినవాళ్ళకు స్నేహితురాళ్ళమని, ఒకరికొకరు తోడని టైలరమ్మే చెప్పేది. అరసున్న నోట అబద్ధం రాదు కాబట్టి అలాంటి సమయాల్లో ఆమెను వెనక గదిలో కూర్చోబెట్టేది. ప్రెస్సులో మాత్రం ఎవరూ అడగలేదు, వీళ్ళూ చెప్పలేదు. ఒకరోజు అరసున్న కళ్ళజోడు మరిచిపోతే టైలరమ్మ తీసుకొచ్చింది. మిషనాయన తలెత్తకుండానే, “కూర్చోండి వదినా, అక్క లోపలుంది” అన్నాడు. అన్నాక గాని తనేమన్నాడో తనకే తెలియలేదు. కంగారులో మూడు చుక్కల నూనె పోయాల్సిన చోట డబ్బా వంచేశాడు. అక్క మొగుడైతే బావ. అక్క పెళ్ళాం ఏమవుతుందో ఏ వ్యాకరణంలోనూ లేదు పాపం, చేతికందిన మాట పట్టుకున్నాడు. టైలరమ్మ దుకాణానికి తిరిగిపోయి, తలుపు వేసుకుని, కడుపారా ఏడ్చింది. అప్పట్నుంచీ ప్రెస్సులో ఆమె అందరికీ వదినే, బైండింగు పెద్దమ్మకు తప్ప. పెద్దమ్మకు కోడలు.

ఆ సోమవారం బల్ల దగ్గర్నుంచి “అయింది” అన్న మాట ఎంతకీ రాకపోయేసరికి మిషనాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ప్రూఫు తీసుకుని చదివాడు. చదువుతూ చదువుతూ మొహం నల్లబడిపోయింది.

“ఇదేంటక్కా! ఎవరిచ్చారిది?”

“అన్నయ్య. మూడు తప్పులున్నాయి, దిద్దాను.”

“నీ మీద నోటీసు నువ్వే దిద్దావా?”

“తప్పుల్తో ఎలా వేస్తాం?”

మిషనాయన నెత్తి కొట్టుకున్నాడు. నోటీసు సారాంశం ఇది. ఫలానా స్త్రీకి పుట్టుకతోనే మతిస్తిమితం లేదు. ప్రస్తుతం ఒక పరాయి స్త్రీ చెప్పుచేతల్లో ఉంది. కనుక ఆమె అన్నగారైన తనను సంరక్షకుడిగా నియమించి, ఆమెను తన ఇంటికి పంపించాలి. ఎవరికైనా అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లోగా సంరక్షకుల నియామకం చూసే కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపాలి, పదహారో రోజున విచారణ. రుజువుగా డాక్టరు సర్టిఫికెట్టు జతపరచడమైనది. విన్న ఓనరు, ఈ నోటీసు నా పత్రికలో వెయ్యను, నా కొంప మునిగినా సరే అని ఎగిరాడు. మనం వెయ్యకపోతే ఇంకోళ్ళు వేస్తారు, తప్పులతో వేస్తారు అంది అరసున్న. ఆమె బాధ ఆమెది. చివరికి తప్పుల్లేకుండా ఆ పత్రికలోనే పడింది.

ఆ సర్టిఫికెట్టు అన్నయ్యకు ఇచ్చింది కూడా ఆమే. ఏడేళ్ళ కింద, ముప్ఫై తొమ్మిదో ఏట, టైలరమ్మ ఆమెను ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరు రెండు గంటలు మాట్లాడి, దీన్ని ఆటిజం అంటారమ్మా, నీ తప్పేమీ లేదు అన్నాడు. బయటికొచ్చి వీధిలో నిలబడి అరసున్న పకపకా నవ్వింది. అన్నాళ్ళ ‘ఎందుకలా ఉంటావు’కు ఒక పేరు దొరికింది, ఆ పేరులో తిట్టు లేదు. ఆ సంతోషం పట్టలేక కాగితం నకలు తీయించి, ‘అన్నయ్యా, నేను మొద్దును కాదట, చూడు’ అని పక్కన రాసి పంపింది. ఆయన జవాబు రాయలేదు. జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకున్నాడు. అమ్మ ఉన్నన్నాళ్ళూ “దాని మానాన దాన్ని బతకనివ్వరా” అంటూ అడ్డం పడింది. అమ్మ పోయి ఏడాది తిరక్కుండానే ఫైలు తెరిచాడు.

ఈ అన్నయ్య అరిచే మనిషి కాదు. అరిచేవాళ్ళతో పెద్దగా భయం లేదు, గొంతు పోతే ఊరుకుంటారు. ఈయన మెల్లగా మాట్లాడతాడు, ఇస్త్రీ మడత నలగనివ్వడు, చెల్లెల్ని ఉద్ధరిస్తున్నానని మనసారా నమ్ముతాడు. నాలుగో రోజు మధ్యాహ్నం, అరసున్న ప్రెస్సులో ఉన్న వేళ చూసుకుని, టైలరమ్మ దుకాణానికి చొక్కా పట్టుకుని వచ్చాడు.

“బొత్తాం ఊడిందమ్మా. కాస్త కుట్టిస్తారా?”

టైలరమ్మ చొక్కా చేతిలోకి తీసుకుంది. అది ఊడిన బొత్తాం కాదు, బ్లేడుతో కోసిన దారం. కుట్టేవాళ్ళకు ఆ తేడా చూడగానే తెలుస్తుంది. ఆమె సూదిలో దారం ఎక్కిస్తుంటే ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, తెర వెనకున్న గదిని తీరిగ్గా పరికించాడు.

“చెల్లెలికి మేడ మీద గది సిద్ధం చేయించాను. గాలీ వెలుతురూ బాగా వస్తాయి. గడియ మాత్రం బయటివైపు పెట్టించాను, దాని మంచికే. చిన్నప్పుడూ అలాగే ఉండేది, అలవాటే.” కాసేపాగి, “మంచం ఒకటే ఉన్నట్టుందే” అన్నాడు. బొత్తాం కుట్టడం అయ్యాక ధన్యవాదాలు చెప్పి మరీ వెళ్ళాడు.

టైలరమ్మ దుకాణం మూసేసింది. సాయంత్రం అరసున్న రాగానే అంతా చెప్పి అడిగింది.

“చిన్నప్పుడు నిన్ను గదిలో పెట్టి గడియ వేసేవాళ్ళా?”

“ఆ. చుట్టాలొస్తే పెట్టేవాళ్ళు. లోపల చప్పుడుండేది కాదు, బాగానే ఉండేది. తలుపు తియ్యమంటే మాత్రం తీసేవాళ్ళు కాదు. ఒక్క నిమిషం అనేవాళ్ళు. లెక్కపెట్టేదాన్ని. ఒకసారి ముప్ఫై ఆరు వేల దాకా వచ్చింది.”

లెక్కలు రానివాళ్ళకు కూడా అది పది గంటలని తెలుసుకోవడం కష్టం కాదు. టైలరమ్మ ఆమెను దగ్గరికి తీసుకోబోయి, అడగకుండా ముట్టుకోకూడదని గుర్తొచ్చి ఆగింది. అరసున్నే తలూపి దగ్గరికి జరిగింది.

మిషనాయన ఊరుకోలేదు. తెల్లకాగితాలు పంచిపెట్టి, తలా ఒక అభ్యంతరం రాయండి, ఎవరి ముక్క వాళ్ళే రాయండి అన్నాడు. కంపోజింగు వాళ్ళు నలుగురు, పేపర్లు కత్తిరించే ఆయన, కరెంటు పని చేసే ఆయన, ఓనరు, తను, మొత్తం ఎనిమిది. పెద్దమ్మకు అక్షరం ముక్క రాదు, ఆమె చెబుతుంటే ఇంకొకరు రాశారు. తొమ్మిది. టైలరమ్మ మాత్రం రాయలేదు. అభ్యంతరానికి జతచెయ్యాల్సిన కార్యాలయం వాళ్ళ ఫారంలో ‘ఆమెకు మీరేమవుతారు’ అని ఒక గడి ఉంది. దాని ముందు ఒక పూటంతా కూర్చుని, చివరికి చించేసింది. “నేను రాస్తే నీకే ముప్పు” అంది. అది నిజమే. అయితే తన భయం కూడా అందులో సగం ఉందని ఆమెకు తెలుసు.

గడువుకు ఒక రోజు ముందు ఆ తొమ్మిది కాగితాలనూ దాఖలు చేసిరమ్మని అరసున్న చేతికిచ్చారు. అదీ వాళ్ళు చేసిన పొరపాటు. పాలకు పిల్లిని కాపలా పెట్టినట్టే. బల్ల దగ్గర కూర్చుని తొమ్మిదింటినీ ఎర్రసిరాతో దిద్ది, శుభ్రంగా దాఖలు చేసి, రసీదు తెచ్చి మిషనాయనకిచ్చింది. “మీ కాగితంలో పదకొండు తప్పులున్నాయి, ఇక ఫరవాలేదు” అని కూడా చెప్పింది. ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కాగితాల కట్ట మీద కూలబడ్డాడు.

పదహారో రోజున ఓనరు ప్రెస్సుకు తాళం వేశాడు. విచారణ గది ఇరుకుగా ఉంది. పొడుగు బల్ల, దాని వెనక ఆఫీసరమ్మ, పక్కన టైపు చేసే గుమాస్తా. ముందు వరసలో అన్నయ్య. వెనక వరసల్లో ప్రెస్సు వాళ్ళు, అందరికంటే వెనక, గోడవార కుర్చీలో టైలరమ్మ. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. ఆ చప్పుడుకు అరసున్న ఒక చెవి మూసుకుంది. అన్నయ్య ఆఫీసరమ్మ వైపు చూసి, చూశారా అన్నట్టు విచారంగా తలాడించాడు.

ఆఫీసరమ్మ కాగితాలు పైకెత్తింది. “తొమ్మిది అభ్యంతరాలు. తొమ్మిదింట్లోనూ ఒకటే ఎర్రసిరా, ఒకటే చెయ్యి. ఎవరు రాయించారివి?”

“ఎవరి ప్రోద్బలమో తెలుస్తూనే ఉందండి” అన్నాడు అన్నయ్య మెత్తగా, వెనక్కి చూడకుండానే.

“రాయించలేదు, దిద్దాను” అంది అరసున్న. “రెండోదాంట్లో తప్పులు ఎక్కువ.”

“రెండోది నాదేనండి” అని మిషనాయన తల వంచుకునే లేచాడు.

ఆఫీసరమ్మ అది చదివింది. “‘మా అక్కకు ఏ లోటూ లేదు. మా వదిన ఆమెను కంటికి రెప్పలా చూసుకుంటుంది.’ ఈ వదిన ఎవరు?”

మిషనాయన గోడవారకు చూశాడు.

“మీ అన్న భార్యా?”

“నాకు అన్నల్లేరు మేడమ్.”

“మరి ఏ వరసన వదిన?”

తనేం రాశాడో మిషనాయనకు అప్పుడు తెలిసొచ్చింది. “ఏదో... ఊరికే, అలా పిలుస్తామండి” అన్నాడు.

“ఊరికే కాదు” అంది అరసున్న. “అక్క భార్య కాబట్టి వదిన. అక్కను నేను. ఆవిడ నా భార్య.”

టైపు చప్పుడు ఆగింది. టైలరమ్మ కళ్ళు మూసుకుంది. అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలి, “విన్నారుగా మేడమ్. ఇంతకంటే రుజువు ఇంకేం చూపించను?” అన్నాడు.

ఆఫీసరమ్మ మిషనాయన కాగితం పక్కన పెట్టింది. తరవాత అరసున్నను అడగడం మొదలుపెట్టింది. ఎన్నేళ్ళుగా పని చేస్తున్నావు, ఇంటి తాళం ఎవరి దగ్గరుంటుంది, ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తావు, అన్నయ్య దగ్గరికి వెళ్తావా. అడిగిందానికి అడిగినంతే జవాబొచ్చింది. “వెళ్ళను. అక్కడ గడియ బయటుంది.” ఆఫీసరమ్మ పెన్ను ఒక్క క్షణం ఆగింది. అన్నయ్య మొదటిసారి కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

ఆమె గుమాస్తాకు చెప్పి రాయించడం మొదలుపెట్టింది. మతిస్తిమితము లేదనుటకు ఆధారము కనపడలేదు, ఉద్యోగము చేసుకొనుచు, స్నేహితురాలితో కలిసి నివసించుచున్నది. అక్కడ ఆగి, కళ్ళజోడు తీసి, టైలరమ్మ వైపు నేరుగా చూసింది.

“స్నేహితురాలు అని రాయించాను. అలాగే ఉంటే ఈ ఫైలు ఇవాళే మూసేస్తాను, ఎవరింటికి వాళ్ళు వెళ్ళొచ్చు. ఇంకో మాట ఉంటే పైకి పంపక తప్పదు. పైన ఎవరు చూస్తారో, ఏమంటారో నా చేతుల్లో లేదు. అర్థమైందా?”

అందరికీ అర్థమైంది. కాగితం సంతకం కోసం అరసున్న ముందుకొచ్చింది. ఆమె జేబులోంచి ఎర్రపెన్ను తీసింది. ఒక దీర్ఘం పెట్టింది, ఒక వత్తు సరిచేసింది. ‘స్నేహితురాలితో’ దగ్గర పెన్ను ఆగిపోయింది.

ఇరవై రెండేళ్ళలో కనపడిన తప్పును ఆమె వదిలింది లేదు. ఆ మాట మీద కళ్ళు పెట్టి అలాగే ఉండిపోయింది. మేడ మీది గది, గాలీ, వెలుతురూ. తరవాత ఎర్రపెన్నుకు మూత పెట్టి, “సంతకానికి నల్లపెన్ను ఇవ్వండి” అంది.

వెనక కుర్చీ కిర్రుమంది. టైలరమ్మ వరసల మధ్యనుంచి నడిచి వస్తోంది. పదకొండేళ్ళు ఆ మాట చెప్పినప్పుడల్లా ఈ మనిషిని వెనక గదిలో కూర్చోబెట్టింది తనే. గడియ వెయ్యలేదు, అంతే తేడా. ఇప్పుడు ఆ అబద్ధాన్ని తన కోసం ఈమె మింగుతోంది. టైలరమ్మకు సిగ్గేసింది, భయంకంటే ఎక్కువ సిగ్గేసింది. బల్ల దగ్గరికొచ్చి కాగితం మీద వేలు పెట్టింది.

“ఇక్కడ తప్పుంది. దిద్దు.”

“గడియ బయటుంటుంది” అంది అరసున్న చిన్నగా.

“తెలుసు. దిద్దు.”

ఎర్రసిరా ఆ మాట మీద అడ్డంగా సాగింది. పైన చిన్న అక్షరాల్లో, కుదురుగా, ‘భార్యతో’ అని పడింది. సంతకం కూడా ఎర్రసిరాతోనే పెట్టింది, నల్లపెన్ను ఎవరూ ఇవ్వలేదు. ఆఫీసరమ్మ నిట్టూర్చి ఫైలు దగ్గరికి లాక్కుంది. గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

“రికార్డులో దిద్దుబాటు జరిగితే పక్కన సాక్షి సంతకాలు కావాలండి. ఇద్దరు చాలు.”

“ఆలోచించుకోండి” అంది ఆఫీసరమ్మ. “ఈ ఫైలుతో పాటు మీ పేర్లు కూడా పైకి పోతాయి.”

మిషనాయన అప్పటికే లేచాడు. ఓనరు లేచాడు. ఇక ఇద్దరితో ఆగలేదు. కంపోజింగు వాళ్ళు, కత్తిరించే ఆయన, కరెంటాయన వరసగా బల్ల దగ్గరికి వచ్చారు. గుమాస్తా ఒక్కొక్కరి పేరూ పైకి చదువుతుంటే సంతకాలు పడుతున్నాయి. చివరన బైండింగు పెద్దమ్మ బొటనవేలు సిరాలో ముంచి అద్దింది.

గుమ్మం దగ్గర అన్నయ్య జేబులోంచి చిన్న పుస్తకం తీసి, గుమాస్తా చదివిన పేర్లు ఒక్కొక్కటే రాసుకుంటున్నాడు. తొందరేమీ లేదు, అక్షరాలు కుదురుగా పడుతున్నాయి. పెద్దమ్మ అది చూసింది. చూసి, వేలు మళ్ళీ సిరాలో ముంచి, మొదటిది సరిగా పడలేదని ఇంకొకటి వేసింది.